నాయినమ్మ లెక్కలు – ఇంటర్‌లో నేను చదివిన సమాజశాస్త్రం

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా ఒక చరిత్ర వ్యాసం రాయమని మిత్రులు ఫోన్ చేసినప్పుడు, ముందు తప్పించుకోవాలనే చూశాను. కాకతీయుల గురించి రాయడానికి మనలో సమర్థులున్నారు. బమ్మెర పోతన గురించీ, పాల్కురికి సోమన గురించీ ప్రతి సంచికలోనూ ఒక వ్యాసం ఉండనే ఉంటుంది. ఎవరూ రాయని సంగతి ఏముందా అని ఆలోచిస్తే, నేను ఇంటర్‌లో చదివిన సబ్జెక్టు గుర్తుకొచ్చింది. మా పదో తరగతి బ్యాచ్‌లో సమాజశాస్త్రం తీసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అది తెలివితో తీసుకున్నది కాదు, సీటు దొరక్క తీసుకున్నది. కానీ మన స్టేషన్ ఘన్‌పూర్ చరిత్ర నాకు కొంచెమైనా అర్థమైంది ఆ రెండేళ్లలోనే. అందుకని అదే రాస్తున్నాను.

మనలో పెద్ద బ్యాచ్‌ల వాళ్లు పి.యు.సి. చదివినవారు. అది ఒక్క ఏడాది కోర్సు, యూనివర్సిటీ చేతిలో ఉండేది. 1969-70లో ఆంధ్రప్రదేశ్ రెండేళ్ల ఇంటర్మీడియట్‌ను తెచ్చింది. పదేళ్లు బడి, రెండేళ్లు ఇంటర్, మూడేళ్లు డిగ్రీ అనే లెక్క దేశంలో మొదట మొదలైంది మన దగ్గరే. 1971లో బోర్డు ఏర్పడింది. అంతకుముందే, 1968లో, తెలుగు అకాడమీ పెట్టారు. దాని తొలి అధ్యక్షుడు మన వరంగల్ జిల్లాలో పుట్టిన పి.వి. నరసింహారావు. కాలేజీ చదువు తెలుగులో చెప్పాలంటే పుస్తకాలు కావాలి, పుస్తకాలకు మాటలు కావాలి. ఆ మాటలు పుట్టించే పని అకాడమీ నెత్తిన పడింది. సామాజిక స్తరీకరణ, సామాజికీకరణ, ప్రాథమిక సమూహం, సామాజిక గతిశీలత వంటి మాటలన్నీ అట్లా మా నోట్లోకి వచ్చినవే. పరీక్ష ముందు రాత్రి వాటిని బట్టీ పడుతుంటే మా మేనమామ నవ్వేవాడు, "అల్లుడా, ఇది తెలుగేనా?" అని.

1983లో పదో తరగతి పాసయ్యాను. మార్కులు బొటాబొటి. సైన్సు గ్రూపులో చేరే మార్కులు కావు. మేనమామ లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్, క్వార్టర్స్‌లో ఉండేవాడు. నన్ను హైదరాబాదు తీసుకుపోయి ఒక కాలేజీలో ఆర్ట్స్ గ్రూపులో చేర్పించాడు. ఆ గ్రూపులో చరిత్ర, పౌరశాస్త్రంతో పాటు మూడోది సమాజశాస్త్రం. అంటే ఏమిటో నాకూ తెలియదు, మామకూ తెలియదు. బడిలో చదివిన సోషల్ స్టడీసే కాబోలు అనుకున్నాం ఇద్దరం.

క్లాసులో ఇరవై మందికి మించి లేము. పాఠం చెప్పే మేడమ్ మొదటి రోజే బోర్డు మీద ఆగస్ట్ కోంత్ అని రాసి, ఈ శాస్త్రానికి 1838లో పేరు పెట్టిన ఫ్రెంచి పెద్దమనిషి ఈయన అని చెప్పింది. తర్వాత దుర్ఖైమ్, వెబర్, చార్లెస్ కూలీ వరుసగా వచ్చారు. కూలీ అనగానే వెనక బెంచీలో నవ్వులు. ఆయన 1909లో చెప్పిన ప్రాథమిక సమూహాలు అంటే కుటుంబం, ఆటల జట్టు, ఇరుగుపొరుగు. మనిషికి "నేను" కంటే ముందు "మేము" అనే మాట అలవాటయ్యే చోట్లు అవి. ఆ పాఠం వింటుంటే మన బడి వెనకాల కోతికొమ్మచ్చి ఆడిన జట్టంతా కళ్ల ముందు కదిలింది. మేమందరం ఒకరినొకరం అరే, ఒరేయ్ అని పిలుచుకున్నవాళ్లమే కదా.

అయితే ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ జట్టులో చాలామందికి మా నాయన రైల్వేలో పనిచేస్తాడని తెలుసు, అంతే. గ్యాంగ్‌మన్ అని కొద్దిమందికే తెలుసు. మా నాయినమ్మ ఇంకా చెరువు కాడ రేవులో బట్టలు ఉతుకుతుందనే సంగతి నేనెప్పుడూ నా నోటితో చెప్పలేదు. ఘన్‌పూర్‌లో తెలిసినవాళ్లకు ఎట్లాగూ తెలుసు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి చదువుకునే పిల్లలకు తెలియదు. తెలియకుండా చూసుకున్నాను. హైదరాబాదు పోయాక ఆ పని ఇంకా సులువైంది. అడిగితే "నాయన రైల్వే" అనేవాణ్ణి. అంతటితో ఆగిపోయేది.

రెండో సంవత్సరంలో కులం పాఠం వచ్చింది. పాఠ్యపుస్తకంలో జజ్మానీ వ్యవస్థ అని ఒక భాగం. వైజర్ అనే అమెరికన్ ఉత్తరాదిలో ఒక పల్లెను చూసి 1936లో ఆ పేరుతో పుస్తకం రాశాడు. రైతు ఇంటికి కమ్మరి, వడ్రంగి, మంగలి, చాకలి తరతరాలుగా పని చేస్తారు, పంట రాగానే రైతు వాళ్లకు ధాన్యం ఇస్తాడు, మధ్యలో డబ్బు ఉండదు. ఇదీ పాఠం. మేడమ్ పుస్తకం మూసి, "జజ్మానీ అనేది హిందీ వాళ్ల మాట. మీ ఊళ్లో దీన్ని ఏమంటారు?" అని అడిగింది.

క్లాసంతా నిశ్శబ్దం. నాకు జవాబు తెలుసు. ఒకటి కాదు, నాలుగు మాటలు తెలుసు. ఊరి పనులు చేసేవాళ్లు ఆయగాండ్లు. పన్నెండు మంది ఆయగాండ్లని లెక్క, ఏ ఊళ్లోనూ ఆ పన్నెండు సరిగ్గా కుదరవు. వాళ్లకు కల్లం కాడ వచ్చే గింజలు మేర. ఫలానా ఇండ్లు ఫలానా చాకలివి అనే హక్కు మిరాశి. ఏ గింజలూ లేకుండా దొర గడీలో చేయాల్సింది వెట్టి. ఈ నాలుగూ నా నాలుక మీదనే ఉన్నాయి. నోరు తెరవలేదు. తెరిస్తే "నీకెట్లా తెలుసు?" అని అడుగుతుందేమోనని.

ఆ వారమే మేడమ్ అందరికీ ఒక పని చెప్పింది. మీ ఊరి గురించి పది పేజీలు రాయండి, పుస్తకంలో ఉన్నది ఎత్తి రాయొద్దు, చూసిందీ విన్నదీ రాయండి అన్నది. ఉదాహరణకు చూసుకోమని ఒక పుస్తకం పేరు చెప్పింది. శ్యామాచరణ్ దూబే రాసిన ఇండియన్ విలేజ్.

ఈ పుస్తకం గురించి కొంచెం చెప్పాలి. దూబే ఉస్మానియాలో పనిచేస్తున్న రోజుల్లో, 1951-52లో, యూనివర్సిటీ వాళ్లు ఒక పల్లెకు గుంపుగా పోయారు. వ్యవసాయం, వైద్యం, పశువైద్యం చెప్పేవాళ్లూ అందులో ఉన్నారు. ఒక పక్క సేవ, ఇంకో పక్క పరిశోధన. ఆ పల్లె హైదరాబాదు దగ్గరి శామీర్‌పేట. దాని మీద దూబే రాసిన పుస్తకం 1955లో లండన్‌లో అచ్చయింది. స్వతంత్రం వచ్చాక భారతీయ పల్లెను మొత్తంగా తీసుకొని రాసిన తొలి పుస్తకాలలో అదొకటి. ప్రపంచంలో సమాజశాస్త్రం చదివే పిల్లలు భారతదేశపు పల్లె అంటే ఏమిటో మన తెలంగాణ పల్లెను చూసి నేర్చుకున్నారన్న మాట. ఆ సంగతి శామీర్‌పేటలోనే చాలామందికి తెలియదు, మనకేం తెలుస్తుంది?

హైదరాబాదు రాజ్యంలో ఇటువంటి పని అంతకుముందు లేదని కాదు. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్, రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఇక్కడే చిక్కుకుపోయి, చెంచుల మీద, కొండరెడ్ల మీద, ఆదిలాబాద్ గోండుల మీద పుస్తకాలు రాశాడు. కుమ్రం భీం 1940లో పోరాడి చనిపోయాక గానీ గోండుల కష్టమేమిటో కనుక్కోవాలని నిజాం సర్కారుకు తోచలేదు. ఆ పని మీద పంపింది హైమెన్‌డార్ఫ్‌నే. అయితే వీళ్లందరూ అడవుల్లోకో, కులాల జాబితాల్లోకో చూశారు. మామూలు ఊరు, చెరువు, గడీ, కల్లం, మాలవాడ, మాదిగవాడ ఉన్న మన ఊరి వంటి ఊరు దూబే పుస్తకంలోనే నాకు కనబడింది.

పుస్తకం మా కాలేజీలో లేదు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో దొరికింది. మూసీ ఒడ్డున ఉన్న ఆ పెద్ద భవనంలోకి నేను అడుగుపెట్టడం అదే మొదలు. ఆదివారాలు కాక మిగతా రోజుల్లో క్లాసు అయిపోగానే బస్సెక్కి పోయేవాణ్ణి. తెలుగు మీడియం వాణ్ణి, ఇంగ్లీషు పేజీ ఒకటి చదవడానికి గంట పట్టేది. పక్కన శంకరనారాయణ నిఘంటువు. మూడో రోజో నాలుగో రోజో కులాల వరుస ఉన్న పేజీ వచ్చింది. ముత్రాసి, గొల్ల, కుమ్మరి, మంగలి వరుసలో ఒక చోట ఇంగ్లీషు అక్షరాల్లో "సాకలి" అని ఉంది. చాకలి కాదు. మా ఇంట్లో అన్నట్టు, మా వాడలో పలికినట్టు, సాకలి.

లండన్‌లో అచ్చయిన పుస్తకంలో మా ఇంటి మాట. ఆ పేజీ మీద చేయి పెట్టుకొని చాలాసేపు అట్లాగే కూర్చున్నాను.

1984 ఆగస్టులో రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు తీసేశాడు. ఊరేగింపులు, బందులు, ఆ తర్వాత పాతబస్తీలో గొడవలు. కాలేజీ నడిచిన రోజుల కన్నా నడవని రోజులే ఎక్కువ. మామ నన్ను కాజీపేట ప్యాసింజర్ ఎక్కించి ఊరికి పంపాడు. భువనగిరి, ఆలేరు, జనగామ, రఘునాథపల్లి దాటి మన స్టేషన్‌లో దిగితే, మన ఊరి పేరు ముందు స్టేషన్ అనే మాట ఎందుకుందో ఆ రోజు కొత్తగా ఆలోచించాను.

ఘన్‌పూర్‌లు చాలా ఉన్నాయి. ములుగు దగ్గర కోటగుళ్లున్న ఘన్‌పూర్ అందరికీ తెలుసు. మనకు గుర్తు రైలే. నిజాం రైల్వే 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చింది, 1889 నాటికి బెజవాడ దాకా పోయింది. ఇల్లందు బొగ్గు బయటికి తేవడానికీ, సముద్రం వైపు దారి చూసుకోవడానికీ వేసిన పట్టాలు మన పొలాల మధ్య నుంచి పోయాయి. అది ఊరికి ఏం చేసింది? హెన్రీ మెయిన్ అనే ఇంగ్లీషు న్యాయవేత్త 1861లో ఒక మాట చెప్పాడని మా పుస్తకంలో ఉంది. సమాజం పుట్టుకతో వచ్చే హోదా నుంచి ఒప్పందం వైపు కదులుతుందని. ఈ ముక్క చదివినప్పుడు బుర్రకెక్కలేదు. మా ఇంట్లో చూస్తే ఎక్కింది. మా నాయినమ్మకు మేర వస్తుంది, మా నాయనకు జీతం వస్తుంది. ఒకే పొయ్యి మీద రెండు కాలాలు ఉడుకుతున్నాయి. పట్టాల మీద గ్యాంగ్‌మన్ పని ఎండలో చచ్చే చాకిరీ, అందులో అనుమానం లేదు. కానీ ఒకటో తారీఖున సంతకం పెట్టి తీసుకునే డబ్బుకు ఎవరి వాకిట్లోనూ నిలబడనక్కరలేదు. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు, సింగరేణి బాయిలు, రైల్వే, ఈ మూడూ మన ప్రాంతంలో ఎన్ని కులాలవాళ్లకు ఊరి కట్టు నుంచి బయటపడే దారి చూపాయో ఎవరైనా కూర్చొని రాయాలి. నేను రాయలేకపోయాను.

నాయినమ్మ ముందర నోటుబుక్కు తెరిచి కూర్చున్నాను.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"నీ లెక్కలు చెప్పు నాయినమ్మా. ఎన్ని ఇండ్లు మనయి, ఎవ్వలు ఎంత పెడ్తరు?"

ముందు నమ్మలేదు. కాలేజీలో ఇవి కూడా చదువుతారా అని అడిగింది. చదువుతారంటే నవ్వింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది, మూడు రోజులు చెప్పింది. మా పాలికి ఇరవై మూడు ఇండ్లు. పెద్ద రైతులు నాగలికి ఇన్ని కుంచాలని వడ్లు, చిన్న రైతులు మానికల లెక్కన జొన్నలో మక్కలో. నాగలి లేని ఇంటికి లెక్క లేదు, వాళ్లు పెట్టిందే. సౌడు మన్ను ఎక్కడ దొరుకుతుంది, బానలో ఉబ్బకు ఎంత పెట్టాలి, ఏ ఇంటి బట్టకు జీడి రసంతో ఏ గుర్తు అన్నీ చెప్పింది. రెండు చుక్కలు ఒకరిది, చుక్క మీద అడ్డగీత ఒకరిది. అక్షరం రాని మనిషి ఇరవై మూడు ఇండ్ల బట్టలను ఇరవై మూడు గుర్తులతో తలలో పెట్టుకుంది. ఇది రాత కాదా అని నాకప్పుడు అనుమానం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

ఉతుకుడు పనిలో సగమే. పురుడు ఇంట్లో మైల బట్టలు, పెద్దమనిషైన పిల్ల బట్టలు చాకలామెవే. పెండ్లిలో ఉల్లెడ పట్టాలి, దివిటీ పట్టాలి, చుట్టాలకు నీళ్లు తోడాలి. చావులో పాడె ముందర బట్ట పరవాలి. "మనం లేకుంటే వాళ్లకు పెండ్లి కాదు, చావు కాదు బిడ్డా," అన్నది గర్వంగా. మరుక్షణమే, "పండుగనాడు మాత్రం వాకిట్లనే కూసుండాలె. లోపటి నుంచి తెచ్చి ఏస్తరు," అన్నది, అదే గొంతుతో. పాఠ్యపుస్తకం ఈ రెండింటినీ విడివిడిగా రాసింది. పరస్పర ఆధారం ఒక పేరాలో, అంటరానితనం, హెచ్చుతగ్గులు ఇంకో పేరాలో. ఆమె ఒక్క ఊపిరిలో రెండూ చెప్పింది.

పిలుపుల సంగతి నేనే గమనించాను. మేనమామ, మేనత్త మొగుడు ఇద్దరూ మామలే కావడం, మేనరికం ఉన్నందువల్ల బంధుత్వపు మాటలు అట్లా కుదరడం గురించి క్లాసులో రెండు రోజులు చెప్పారు. ఊళ్లో ఆ మాటలు కులం దాటి కూడా నడుస్తాయి. మా నాయన గొల్లాయనను మామా అనేవాడు, కుమ్మరాయనను అన్నా అనేవాడు. కానీ ఆ వరుసలు ఒక గీత దగ్గర ఆగిపోతాయి. నా ఈడు పిల్లవాణ్ణి కూడా మా నాయినమ్మ "పటేలా" అని పిలిచేది, వాడు ఆమెను పేరు పెట్టి "ఏమే" అనేవాడు. అది చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. వినబడింది మాత్రం 1984 ఆగస్టులో.

ఇంకొక సంగతి ఏ పుస్తకంలోనూ అప్పటికి నేను చూడనిది చెప్పింది. మూడు నాలుగేళ్లకొకసారి పటం కథ వాళ్లు వచ్చి మా వాడలో మడేల్ పురాణం చెబుతారు. వాళ్లు చాకలివాళ్లనే అడుగుతారు, వేరే కులం దగ్గర చేయి చాపరు. అట్లాగే పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు, మాదిగలకు డక్కలివాళ్లు, ముత్రాసులకు కాకిపడగలవాళ్లు. ఇచ్చే కులం, చెప్పే కులం, మధ్యలో మిరాశి. ఆ కథలకు పటం గీసేది చేర్యాల నకాషీలు. ఇవాళ చేర్యాల బొమ్మలు ఎగ్జిబిషన్లలో గోడకు వేలాడుతుంటే కొంటున్నాం. అవి ఒకప్పుడు కులానికొక చరిత్ర పుస్తకం. రాజుల చరిత్రలో పేరు లేనివాళ్లు తమ చరిత్ర తామే చెప్పించుకున్నారు, డబ్బులిచ్చి మరీ.

ఆ ఏడాదికే ఇంకో పెద్ద మార్పు ఉంది. 1984 జనవరిలో ప్రభుత్వం వంశపారంపర్య పటేల్ పట్వారీలను ఒక్క ఆర్డినెన్సుతో తీసేసింది. 1949లో జాగీర్లు పోయాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, అయినా ఊరి కాగితం పట్వారీ చేతిలోనే ఉండేది. ఆయగాండ్లలో పై మెట్టు అది. పై మెట్టు చట్టంతో పోయింది, కింది మెట్లు ఎవరూ తీసేయకుండానే అరిగిపోతున్నాయి. మా నాయినమ్మ లెక్క ప్రకారం ఆ ఏడు ఇరవై మూడు ఇండ్లలో మేర పెట్టింది పదకొండు. మిగతావాళ్లు నిర్మా పొట్లాం తెచ్చుకున్నారు.

హైదరాబాదు తిరిగివచ్చి పది పేజీలు రాశాను. బాగానే రాశాననుకున్నాను. మేడమ్ ఎర్ర పెన్నుతో మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాసి తిప్పి ఇచ్చింది: "ఈ సంగతులు నీకు ఎవరు చెప్పారు?" నేను రాసింది "ఊరిలోని ఒక ముసలి స్త్రీ" అని. మొత్తం పది పేజీలూ "సేవా కులాల వారు", "వారు", "వారి ఆచారం". సొంత నాయినమ్మను వారు అని రాశాను.

జవాబు వెంటనే రాయలేదు. ఆ సంక్రాంతి సెలవుల్లో, 1985 జనవరిలో, సికింద్రాబాదులో కరీంనగర్ బస్సెక్కి శామీర్‌పేటలో దిగాను. దూబే ఊరు ఎట్లా ఉందో చూద్దామని. పెద్ద చెరువు, రోడ్డు మీద చాయ్ హోటళ్లు. ఎవరిని ఏమని అడగాలి? పుస్తకంలో ఉన్నది చెబితే నవ్వుతారు. సాకలోళ్ల ఇండ్లు ఎక్కడ అని అడిగాను. ఒక పెద్దమనిషి వాకిట్లో బొగ్గుల ఇస్త్రీపెట్టె పెట్టుకొని పని చేసుకుంటున్నాడు.

"ఎవ్వలు కావాలె?"

"ఊకెనే వచ్చిన. స్టేషన్ ఘన్‌పూర్ మాది."

"ఎవలోళ్లు?"

ఈ ప్రశ్న తెలంగాణలో ఏ ఊరికి పోయినా వస్తుంది. నాకు ఎన్నోసార్లు వచ్చింది, ఎన్నో రకాలుగా తప్పించుకున్నాను. ఆ రోజు, "సాకలోళ్లం" అన్నాను. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, కూసో అని మంచం వాల్చాడు, లోపలికి చాయ్ కోసం కేకేశాడు. ఇంటిపేరు అడిగి, వరుస కలిపి, నన్ను అల్లుణ్ణి చేశాడు. ఊరి మీద పుస్తకం ఉందని చెబితే, "మంచిదే, ఏం రాసిండ్రట?" అన్నాడు. నాకు తెలిసినంత చెప్పాను. అన్నీ విని, "ఇండ్ల కొత్త సంగతేమున్నది?" అన్నాడు.

వాపసు పోయి మార్జిన్‌లో ప్రశ్న కింద "మా నాయినమ్మ" అని రాసి ఇచ్చాను. మేడమ్ ఏమీ అనలేదు. తర్వాతి క్లాసులో ఆయగాండ్లు, మేర, మిరాశి, వెట్టి అనే మాటలు నా చేత బోర్డు మీద రాయించింది.

ఇప్పుడు చూస్తే దూబే పుస్తకం మీద నాకు కొన్ని ఫిర్యాదులున్నాయి. ఆయన శామీర్‌పేటలో తిరుగుతున్న 1951లోనే, అక్టోబరులో, తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు. మన పక్కనే ఉన్న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయి అప్పటికి అయిదేళ్లు. ఆ వేడి ఆ పుస్తకంలో నాకు తగలాల్సినంత తగల్లేదు. ఊరు ఎట్లా కలిసి ఉంటుందో చెప్పినంత ఓపికగా, ఊరు ఎట్లా విరుగుతుందో చెప్పలేదనిపిస్తుంది. ఆ మాటకొస్తే నేను చేసింది ఏం తక్కువ? పాలకుర్తిలో చాకలి ఐలమ్మ అప్పటికి బతికే ఉంది. కౌలు భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోకుండా సంఘం తోడుతో అడ్డుకున్న మనిషి. మన ఊరి నుంచి సైకిల్ మీద పోయి రాగల దూరం. నేను దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యల మీద రాసిన పుస్తకం గురించి పది మార్కుల జవాబు బట్టీ పడుతూ కూర్చున్నాను గానీ, పాలకుర్తి పోయి ఆమె ముందర నోటుబుక్కు తెరవాలని తోచలేదు. 1985 సెప్టెంబరు 10న ఆమె చనిపోయింది. నా ఇంటర్ అయిపోయి నాలుగైదు నెలలు. ఇప్పటికీ మనసులో కలుక్కుమనే సంగతి ఇది.

దుర్ఖైమ్ మాత్రం వృథా పోలేదు. ఆ పుస్తకం వచ్చిన సరిగ్గా నూరేళ్లకు, 1997-98లో, మన వరంగల్ జిల్లా పత్తి రైతులు వరసగా పురుగుమందు తాగారు. అప్పటికి నేను రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగిని. పంచనామా కాగితాల్లో కారణం అనే గడిలో "కుటుంబ కలహాలు", "కడుపునొప్పి" అని చూసినప్పుడల్లా ఆ పది మార్కుల జవాబు గుర్తొచ్చేది. ఒక మనిషి చావు సొంత సంగతి కావచ్చు, ఒక జిల్లాలో ఒకే పంట వేసినవాళ్లు ఒకే ఏడు ఒకే మందు తాగడం సొంత సంగతి కాదు. గడిలో పట్టేంత చిన్న కారణం కాదది.

అదే ఉద్యోగంలో ఎన్ని వేల కుల ధృవీకరణ పత్రాలు నా చేతుల మీదుగా పోయాయో లెక్క లేదు. దరఖాస్తు ఇచ్చేటప్పుడు గొంతు తగ్గించి కులం పేరు చెప్పే పిల్లలు వస్తుంటారు. అటువంటి పిల్లవాడు వస్తే నేను మా కులం పేరు గట్టిగా చెప్పేవాణ్ణి. ఆఫీసులో కొందరికి అది నచ్చేది కాదు.

ఈ మధ్య కోఠి మహిళా కళాశాల వైపు పోయాను. 1924లో మొదలైన ఆ కాలేజీ ఇప్పుడు విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. లాండ్రీలకు, ధోబీఘాట్లకు 2021 నుంచి నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు కూడా వచ్చింది. మేర పోయి మీటరు వచ్చిందన్న మాట. గేటు మీద ఆ పేరు చదువుతూ, క్లాసులో నోరు మెదపని ఆ పదహారేళ్ల పిల్లవాడు ఇటు వస్తే ఏమనుకునేవాడో అనుకున్నాను.

నాయినమ్మ 1991లో పోయింది. ఆమె లెక్కలు రాసుకున్న నోటుబుక్కు నా దగ్గర ఇంకా ఉంది, అట్ట ఊడిపోయింది. మన బడి లైబ్రరీకి జిరాక్సు తీయించి ఇస్తానని ప్రధానోపాధ్యాయుల వారికి మాటిచ్చాను. అందులో చివరి పేజీలో ఒక సంగతి ఉంది, పది పేజీల్లో అప్పుడు రాయలేదు. ఇరవై మూడు గుర్తులూ గీయించుకున్నాక, "మరి మన ఇంటి బట్టలకు ఏం గుర్తు నాయినమ్మా?" అని అడిగాను.

"మన బట్టలకు గుర్తెందుకు బిడ్డా? అందరియి పోంగ మిగిలినయి మనయే."